మోత ఖర్చు ఎవరి నెత్తిన?

ఒక సర్వర్ నుంచి నెల రోజుల్లో 20 టెరాబైట్ల డేటా ఇంటర్నెట్‌లోకి వెళ్లిందనుకుందాం. ఆ సర్వర్ వర్జీనియాలోని అమెజాన్ వెబ్ సర్వీసెస్ కేంద్రంలో ఉంటే, ప్రకటిత ధరల ప్రకారం ఆ డేటాను బయటికి పంపినందుకే సుమారు 1,750 డాలర్లు కట్టాలి. తొలి 10 టీబీకి జీబీ ఒక్కింటికి 9 సెంట్లు, ఆ తర్వాతి 40 టీబీకి 8.5 సెంట్లు చొప్పున వేసిన లెక్క ఇది. ముంబై కేంద్రంలో మొదటి శ్లాబే దాదాపు 11 సెంట్లు. జర్మనీ సంస్థ హెట్జ్‌నర్ దగ్గర 10 గిగాబిట్ల పోర్టుతో డెడికేటెడ్ సర్వర్ అద్దెకు తీసుకున్నవారికి మాత్రం ఆ 20 టీబీ అద్దెలోనే కలిసి ఉంటుంది. ఆపైన వాడుకునే ఒక్కో టీబీకి ఆ సంస్థ కొన్నేళ్లుగా ప్రకటిస్తున్న ధర, పన్నులు కాక, ఒక యూరో.

ఒకచోట లక్షన్నర రూపాయలు. మరోచోట మరో 20 టీబీ అదనంగా వాడినా రెండు వేల చిల్లర. రెండుచోట్లా బయటికి వెళ్లేవి అవే బిట్లు, చేరేది అదే ఇంటర్నెట్‌లోకి.

సర్వర్ అద్దెకు తీసుకునే చిన్న కంపెనీలు, వార్తా సైట్లు, కోచింగ్ సంస్థలు ప్రాసెసర్ ఎన్ని కోర్లు, ర్యామ్ ఎంత, డిస్కు ఏ రకం అని గుచ్చిగుచ్చి అడుగుతాయి. ధరల పట్టికలో చివరి గడిలో ఉండే బ్యాండ్‌విడ్త్ దగ్గరికి వచ్చేసరికి కళ్లు జారిపోతాయి. అక్కడ ‘అన్‌మీటర్డ్’ అనో, ‘నెలకు 20 టీబీ’ అనో, ‘95వ పర్సెంటైల్’ అనో రాసి ఉంటుంది. చూడ్డానికి ఒకే సరుకుకు మూడు ప్యాకింగుల్లా కనిపించినా ఇవి మూడు వేర్వేరు ఒప్పందాలు. రద్దీ వేళ మీద పడే భారాన్ని అద్దెకిచ్చినవారు మోయాలా, అద్దెకు తీసుకున్నవారు మోయాలా అన్నదే ఆ ఒప్పందాల్లోని అసలు విషయం. దీన్ని గుర్తించకుండా టీబీకి ఎంత, ఎంబీపీఎస్‌కు ఎంత అని ధరలు పోల్చుకుంటే బోల్తా పడటం ఖాయం.

యూనిట్లు వేరు, డిమాండ్ వేరు

ముందుగా కొలతలు చూద్దాం. పోర్టు వేగాన్ని బిట్లలో చెబుతారు, వాడకాన్ని బైట్లలో. ఎనిమిది బిట్లకు ఒక బైటు. ఒక ఎంబీపీఎస్ వేగంతో 30 రోజులూ ఎడతెరిపి లేకుండా డేటా పారితే 324 జీబీ అవుతుంది. ఆ లెక్కన 100 ఎంబీపీఎస్ పోర్టు నెలకు గరిష్ఠంగా 32.4 టీబీ, ఒక గిగాబిట్ పోర్టు 324 టీబీ మోయగలవు. ‘గిగాబిట్ పోర్టు, 20 టీబీ ట్రాఫిక్’ అన్న ప్లాన్‌లో వినియోగదారుకు నిజంగా దక్కుతున్నది ఆ పోర్టు సామర్థ్యంలో ఆరు శాతం. నెలంతా సమానంగా పరిస్తే 62 ఎంబీపీఎస్‌కు మించదు.

కేబుల్ వేసినవారికి, రూటర్లు కొన్నవారికి అయ్యే ఖర్చు ఎన్ని బైట్లు పారాయన్న దాన్నిబట్టి ఉండదు. అత్యంత రద్దీగా ఉన్న గంటలో ఎంత వేగం అందించాల్సి వస్తుందో దాన్నిబట్టి ఉంటుంది. తెల్లవారుజామున మూడు గంటలకు ఖాళీగా పడి ఉన్న ఫైబర్‌లో మరో టెరాబైటు పంపినా వారికి అదనంగా అయ్యేది దాదాపు శూన్యం. రాత్రి తొమ్మిదికి నిండిపోయిన ఫైబర్‌లో మరో గిగాబిట్ కావాలంటే కొత్త పోర్టు కొనాలి. హెచ్‌టీ కనెక్షన్ ఉన్న ఫ్యాక్టరీ యజమానికి ఇది చప్పున అర్థమవుతుంది. ఆయన కరెంటు బిల్లులో కాల్చిన యూనిట్లకు ఒక లెక్క, కేవీఏల్లో గరిష్ఠ డిమాండ్‌కు మరో లెక్క ఉంటాయి. బ్యాండ్‌విడ్త్ వ్యాపారంలో ఈ రెండు లెక్కలనూ విడదీసి, ఒక ప్లాన్‌లో ఒకటి, మరో ప్లాన్‌లో మరొకటి అమ్ముతున్నారు.

టీబీల చొప్పున వేసే ప్లాన్ యూనిట్ల లెక్క. 95వ పర్సెంటైల్ డిమాండ్ లెక్క. దీని పద్ధతి వినడానికి బెదురు పుట్టించినా ఆచరణలో తేలికే. స్విచ్‌లోని పోర్టు వాడకాన్ని ప్రతి ఐదు నిమిషాలకోసారి నమోదు చేస్తారు. 30 రోజుల నెలకు 8,640 రీడింగులు. వాటిని పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరుసగా పేర్చి, పైనున్న ఐదు శాతాన్ని, అంటే 432 రీడింగులను, తీసి పక్కన పెడతారు. మిగిలినవాటిలో పెద్దది ఎంతో ఆ నెలకు అంత వేగం వాడినట్టు బిల్లు. పక్కన పెట్టిన 432 రీడింగుల విలువ 36 గంటలు. ఆ 36 గంటల్లో ఎంత రద్దీ వచ్చినా బిల్లులో కనిపించదు. ముప్పై ఏడో గంట మాత్రం నెలంతటికీ ధర నిర్ణయిస్తుంది.

మూడు సైట్లు, మూడు లెక్కలు

ఈ తేడా ఎంత దూరం పోతుందో మూడు ఊహాజనిత సైట్ల మీద పెట్టి చూస్తే తెలుస్తుంది. మొదటిది బ్యాకప్ సేవ. రాత్రీపగలూ తేడా లేకుండా 100 ఎంబీపీఎస్ వాడుతుంది. రెండోది సాయంత్రం పూట వీడియో పాఠాలు చెప్పే కోచింగ్ సంస్థ. రోజూ మూడు గంటలు 400 ఎంబీపీఎస్, మిగిలిన వేళల్లో 20. మూడోది పరీక్ష ఫలితాల సైటు. నెలలో ముప్పై గంటలు 800 ఎంబీపీఎస్, మిగతా రోజులన్నీ 20.

టీబీల్లో కొలిస్తే బ్యాకప్ సేవ 32.4, కోచింగ్ సంస్థ దాదాపు 22, ఫలితాల సైటు 17. పెద్దగా అంతరం లేదు; ఎక్కువ తక్కువల మధ్య తేడా రెండింతల లోపే. అవే మూడింటినీ 95వ పర్సెంటైల్‌లో కొలిస్తే వరుస మారిపోతుంది. బ్యాకప్ సేవకు 100 ఎంబీపీఎస్, కోచింగ్ సంస్థకు 400, ఫలితాల సైటుకు కేవలం 20. టీబీల్లో ఐదింటి తేడా మాత్రమే ఉన్న రెండు సైట్ల మధ్య బిల్లు ఇరవై రెట్లు మారిపోయింది. కారణం, కోచింగ్ సంస్థ రద్దీ నెలకు 90 గంటలు. 36 గంటల మాఫీలో ఇమడదు. ఫలితాల సైటు ముప్పై గంటలూ ఆ మాఫీలో దాక్కున్నాయి.

రోజు లెక్కన చూస్తే 36 గంటలంటే గంటా పన్నెండు నిమిషాలు. ప్రతి సాయంత్రం గంట పాటు మాత్రమే ఎగిసిపడే సైటుకు పర్సెంటైల్ ప్లాన్ వరం. అదే గంటన్నరకు పెరిగితే అదే ప్లాన్ శాపం.

2024 జూన్ 4న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఓట్లు, దేశమంతటా లోక్‌సభ ఓట్లు ఒకే రోజు లెక్కించారు. అలాంటి రోజున ఓ తెలుగు వార్తా సైటు మీద పడే తాకిడి మామూలు రోజులకు ఎన్నో రెట్లు. ఉదయం ఎనిమిదికి లెక్కింపు మొదలైన దగ్గర్నుంచి అర్ధరాత్రి దాకా చూసుకున్నా అది పదహారు గంటలే. ఆ నెలలో ఇంకెక్కడా ఉప్పెన రాకపోతే పర్సెంటైల్ బిల్లుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. టీబీల ప్లాన్‌లో మాత్రం ఆ ఒక్క రోజు చదివిన ప్రతి పేజీకీ లెక్క పడుతుంది.

అమెరికాలోని తెలుగువారు కూడా చూసే సైట్లకు మరో వెసులుబాటు ఉంది. డాలస్‌లో సాయంత్రం ఎనిమిది అయ్యేసరికి హైదరాబాద్‌లో మర్నాటి తెల్లవారి ఆరున్నరో ఏడున్నరో అవుతుంది. ఇక్కడి రాత్రి రద్దీ తగ్గాక అక్కడి రద్దీ మొదలవుతుంది. పర్సెంటైల్ లెక్కలో పెద్ద శిఖరం నెలకు 36 గంటలు దాటితే దానికే ధర కాబట్టి, దానికంటే చిన్నదైన రెండో శిఖరం మోత అదనపు ఖర్చేమీ లేకుండానే జరిగిపోతుంది. టీబీల లెక్కలో రెండింటికీ కట్టాలి.

‘అపరిమితం’ వెనుక పరిమితి

ఇక అన్‌మీటర్డ్. మీటరు లేదంటే హద్దు లేదని అనుకోవడం పరిపాటి. హద్దు ఉంటుంది, అది పోర్టు వేగమే. 100 ఎంబీపీఎస్ అన్‌మీటర్డ్ పోర్టులో పైన చెప్పిన బ్యాకప్ సేవ చక్కగా ఇమిడిపోతుంది. కోచింగ్ సంస్థకు సాయంత్రం కావలసిన వేగంలో పావు వంతే దొరుకుతుంది, వీడియోలు తిరుగుడు గుండ్రాల దగ్గరే ఆగిపోతాయి. ఫలితాల సైటు అసలు రోజున ఎనిమిదో వంతుతో కుప్పకూలుతుంది. గిగాబిట్ అన్‌మీటర్డ్ పోర్టులో మూడూ హాయిగా పడతాయి. అయితే ఆ గిగాబిట్ అచ్చంగా ఒకరిదేనా అన్నది చూడాలి. ఒక ర్యాక్‌లో నలభై సర్వర్లకు తలా ఒక గిగాబిట్ పోర్టు ఇచ్చి, మొత్తం ర్యాక్‌కు 10 గిగాబిట్ల అప్‌లింక్ పెడితే, అమ్మింది ఉన్నదానికి నాలుగింతలు. అందరూ ఒకేసారి పూర్తి వేగం వాడరన్న అంచనా మీదే ఈ వ్యాపారం నడుస్తుంది. ఇందులో మోసమేమీ లేదు, అంచనా నిష్పత్తిని దాచిపెడితే తప్ప.

అంచనా సరిగ్గా వేసుకున్న సంస్థలు మీటర్లు తీసేయగలిగాయి. గిగాబిట్ డెడికేటెడ్ సర్వర్లకు హెట్జ్‌నర్ ఒకప్పుడు నెలవారీ పరిమితి పెట్టి, దాటితే వేగాన్ని 10 ఎంబీపీఎస్‌కు దించేది. 2018లో ఆ పరిమితిని ఎత్తేసింది. ఫ్రాన్స్‌కు చెందిన ఓవీహెచ్ కూడా యూరప్, ఉత్తర అమెరికాల్లోని డెడికేటెడ్ సర్వర్లకు ట్రాఫిక్ మీటరు లేకుండా ఇస్తోంది. అదే సంస్థ ఆసియా పసిఫిక్ కేంద్రాలకు వచ్చేసరికి పరిమితులు పెట్టింది. కంపెనీ ఒకటే, సర్వర్లు ఒకటే, లెక్క మాత్రం ఊరిని బట్టి మారింది.

ప్లాన్ పేరు కన్నా ముఖ్యమైనది, పరిమితి దాటాక ఏం జరుగుతుందన్న షరతు. వేగం తగ్గించడం ఒక పద్ధతి. సర్వర్‌ను నిలిపేయడం మరో పద్ధతి. అడగకుండా అదనపు బిల్లు వేయడం అన్నిటికన్నా ప్రమాదకరమైనది. 2024 ఫిబ్రవరిలో నెట్లిఫై అనే హోస్టింగ్ సంస్థ నుంచి ఒక చిన్న స్టాటిక్ సైటు యజమానికి 1,04,500 డాలర్ల బిల్లు వచ్చింది. సైటు ఉన్నది ఉచిత ప్లాన్‌లో. అందులోని ఒక ఆడియో ఫైలును ఎవరో పనిగట్టుకుని లెక్కలేనన్నిసార్లు డౌన్‌లోడ్ అయ్యేలా చేశారు. ఆ ఫైలు సైజు నాలుగు ఎంబీలైనా లేదు. అప్పట్లో ఆ సంస్థ అదనపు ట్రాఫిక్‌కు ప్రతి 100 జీబీకి 55 డాలర్లు వసూలు చేసేది. వ్యవహారం బయటికి పొక్కి రచ్చయ్యాక బిల్లు రద్దు చేసింది. అది డెడికేటెడ్ సర్వర్ కాదు గానీ, రద్దీ భారం పూర్తిగా వినియోగదారు మీద పెడితే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఇదే దాడి 95వ పర్సెంటైల్ ప్లాన్‌లో ఉన్న సర్వర్ మీద జరిగితే, ముప్పై గంటల్లో సద్దుమణిగితే నయాపైసా అదనంగా పడదు. రెండు రోజులు సాగితే నెలంతా దాడి వేగంతో వాడినట్టే బిల్లు. అన్‌మీటర్డ్ పోర్టులో సైటు స్తంభించిపోతుంది గానీ అద్దె మారదు. బిల్లు భయమా, సైటు ఆగిపోయే భయమా అన్నది వ్యాపారాన్ని బట్టి తేల్చుకోవాల్సిందే. ఆన్‌లైన్ పరీక్ష నడిపే సంస్థకు రెండోది పెద్దది. సొంతంగా బ్లాగు నడుపుకొనే వ్యక్తికి మొదటిది.

చిన్నక్షరాల్లో ఇంకో రెండు మెలికలు ఉంటాయి. కొందరు బయటికి వెళ్లే డేటాను మాత్రమే లెక్కిస్తారు, కొందరు లోపలికి వచ్చేదాన్నీ కలుపుతారు, పర్సెంటైల్‌లో సాధారణంగా రెండింటిలో పెద్దదాన్ని తీసుకుంటారు. నిఘా కెమెరాల వీడియో నిల్వ చేసే సర్వర్‌లోకి వచ్చేదే ఎక్కువ కాబట్టి ఈ షరతు ఒక్కటే బిల్లును తారుమారు చేస్తుంది. రెండోది, టెరాబైటును వెయ్యి చొప్పున గుణిస్తున్నారా, 1,024 చొప్పునా అన్నది. ఆ రెండు లెక్కల మధ్య దాదాపు పది శాతం తేడా ఉంది.

ధర ఊరిని బట్టి ఎందుకు మారుతుంది?

ఒక నెట్‌వర్క్ డేటాను మిగతా ఇంటర్నెట్‌కు చేరవేసే సేవను ట్రాన్సిట్ అంటారు. దాని ధర పాతికేళ్లుగా పడిపోతూనే ఉంది. నెట్‌వర్కులు నేరుగా ట్రాఫిక్ ఇచ్చిపుచ్చుకునే పీరింగ్ రంగాన్ని సుదీర్ఘకాలం పరిశీలించిన విలియం నార్టన్ సంకలనం చేసిన అంచనాల ప్రకారం అమెరికాలో ఒక ఎంబీపీఎస్‌కు నెలకు 1998లో 1,200 డాలర్లు పలికింది. 2005 నాటికి 75, 2010 నాటికి 5 డాలర్లకు దిగింది. కోజెంట్ వంటి సంస్థలు పాత దిగ్గజాల ధరలకు అడ్డగోలుగా కోత పెట్టడం ఇందుకు ఒక కారణం. ఆ పోటీకి ఘర్షణ ముఖం కూడా ఉంది. 2005 అక్టోబరులో లెవెల్ 3 సంస్థ కోజెంట్‌తో నేరుగా ట్రాఫిక్ ఇచ్చిపుచ్చుకోవడం ఆపేసింది. ఆ రెంటిలో ఒక్కదాని మీదే ఆధారపడ్డ వినియోగదారులకు అవతలి నెట్‌వర్క్‌లోని సైట్లు కొన్ని రోజులు అందకుండా పోయాయి. చవక ప్లాన్ ఇచ్చే హోస్టు వెనుక ఎన్ని ట్రాన్సిట్ సంస్థలు ఉన్నాయని ఆరా తీయడం అందుకే అవసరం.

ధర తగ్గడంలో పోటీకి దీటైన పాత్ర ఎక్స్ఛేంజీలది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1995లో మొదలైన డీఈ-సీఐఎక్స్ వంటిచోట్ల వందలాది నెట్‌వర్కులు ఒకదానికొకటి నేరుగా కలుస్తాయి. మధ్యవర్తికి డబ్బు కట్టకుండానే ట్రాఫిక్ మార్చుకుంటాయి. 2020 మార్చిలో అక్కడ ట్రాఫిక్ సెకనుకు 9 టెరాబిట్లు దాటింది. జర్మనీలో ఒక యూరోకు టీబీ అమ్మగలగడం వెనుక ఉన్న బలం ఇదే. ఇలాంటి ఏర్పాటు బలంగా లేనిచోట పరిస్థితి ఎలా ఉంటుందో వెబ్ సేవల సంస్థ క్లౌడ్‌ఫ్లేర్ 2014లో బయటపెట్టింది. యూరప్ ట్రాన్సిట్ ధరను ప్రమాణంగా తీసుకుంటే ఆస్ట్రేలియాలో తాము ఇరవై రెట్లు కడుతున్నామని ఆ సంస్థ తెలిపింది. సముద్రాల దూరం కన్నా అక్కడి పెద్ద టెలికాం సంస్థల బేరసారాల బలమే అందుకు ప్రధాన కారణమని వాదించింది.

దక్షిణ కొరియా ఉదంతం మరింత తీవ్రమైనది. ట్రాఫిక్ పంపేవారే నెట్‌వర్క్‌కు రుసుము కట్టాలన్న విధానం 2016 నుంచి అక్కడ అమల్లోకి వచ్చింది. ప్రపంచంలోనే వేగవంతమైన ఇంటర్నెట్ ఉన్న దేశాల్లో ఒకటైన కొరియా నుంచి 2024 ఫిబ్రవరిలో ట్విచ్ అనే లైవ్ వీడియో సేవ మూటాముల్లె సర్దుకుంది. మిగతా దేశాలతో పోలిస్తే నెట్‌వర్క్ రుసుములు పదింతలున్నాయని కారణం చెప్పింది. భారత టెలికాం సంస్థలు ‘న్యాయమైన వాటా’ పేరుతో వీడియో, మెసేజింగ్ సేవల నుంచి రుసుము అడుగుతున్న ఈ రోజుల్లో ఆ అనుభవాన్ని మన విధానకర్తలు కూలంకషంగా చదవాలి. ఆ రుసుము వస్తే భారం పెద్ద సంస్థలతో ఆగదు. హైదరాబాద్‌లో సర్వర్ అద్దెకు తీసుకున్న చిన్న కంపెనీ ప్లాన్‌లోకీ జారుతుంది.

సముద్రం ఉన్నా ద్వారం లేదు

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం 2022 చివరికి దేశానికి చేరే అంతర్జాతీయ సముద్ర కేబుళ్లు 17, వాటి ల్యాండింగ్ స్టేషన్లు 14. అవి ఉన్న నగరాలు ఐదు: ముంబై, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురం. తెలుగు నేల మీద ఒక్కటీ లేదు. హైదరాబాద్‌లో 2022 నవంబరులో అమెజాన్ తన రెండో భారత క్లౌడ్ రీజియన్ తెరిచింది. మైక్రోసాఫ్ట్ పెట్టుబడులు పెడుతోంది. కంట్రోల్‌ఎస్ లాంటి డేటా సెంటర్ సంస్థ పుట్టిందే ఇక్కడ. అయినా ఇక్కడి నుంచి విదేశాలకు వెళ్లే దాదాపు ప్రతి బిట్టూ భూమి మీది ఫైబర్‌లో ముంబైకో చెన్నైకో వెళ్లి, అక్కడ సముద్రంలో దిగాలి.

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది. అందులో గిగావాట్ స్థాయి డేటా సెంటర్‌తో పాటు సముద్ర కేబుళ్లకు కొత్త ద్వారం కూడా ఉంది. వార్తల్లో గిగావాట్లకు, ఉద్యోగాల అంచనాలకు దక్కిన చోటు ఈ రెండో అంశానికి దక్కలేదు. హోస్టింగ్ ధరల కోణంలో చూస్తే అదే కీలకం. కేబుల్ తీరానికి చేరినంత మాత్రాన ధర దిగదు. ఆ ల్యాండింగ్ స్టేషన్‌లోకి ఇతర నెట్‌వర్కులకు ఏ రేటున ప్రవేశం ఇస్తారు, పక్కనే తటస్థమైన ఎక్స్ఛేంజీ ఉంటుందా, అక్కడి నుంచి హైదరాబాద్‌కు ఫైబర్ మార్గాలు ఎన్ని సంస్థల చేతుల్లో ఉంటాయి అన్నవే ధరను తేలుస్తాయి.

దేశంలో ఎక్స్ఛేంజీల అనుభవం మిశ్రమంగా ఉంది. 2003లో ఏర్పడిన నిక్సీ ఉద్దేశం దేశీయ ట్రాఫిక్ సింగపూర్, అమెరికాలు చుట్టి రాకుండా ఇక్కడే మారేలా చూడటం. దాని తొలినాళ్ల పద్ధతిలో, ఇచ్చినదానికంటే ఎక్కువ ట్రాఫిక్ తీసుకున్న నెట్‌వర్క్ అవతలివారికి డబ్బు కట్టాలి. చందాదారులు ఎక్కువగా ఉండి డేటాను దిగుమతి చేసుకునే సంస్థలకు అలాంటి చోట కలవాలన్న ఉత్సాహం ఎందుకుంటుంది? తర్వాత వచ్చిన ప్రైవేటు ఎక్స్ఛేంజీలు ముంబైలో బాగా ఎదిగాయి. ఓవీహెచ్ వంటి విదేశీ హోస్టు 2023లో దేశంలో అడుగుపెట్టినప్పుడు ఎంచుకున్నది కూడా ముంబైనే.

ఈ పరిస్థితుల్లో తెలుగు సైటు నడిపేవారు యూరప్‌లో సర్వర్ పెట్టడం తప్పా? అన్నిసార్లూ కాదు. బ్యాకప్‌లు, సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్‌లు, పాత వీడియోల నిల్వ వంటివాటికి ఫ్రాంక్‌ఫర్ట్‌కు వెళ్లి రావడానికి పట్టే సెకనులో పదో వంతుకు పైబడిన జాప్యం లెక్కలోకి రాదు. చెల్లింపుల వ్యాపారానికి ఆ దారే మూసి ఉంది. ఆ డేటాను దేశంలోనే ఉంచాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. నడమ ఉన్న దారి కూడా నిశ్చింతగా లేదు. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్ సేవల్లో జాప్యం పెరిగిందని ప్రకటించాల్సి వచ్చింది. అద్దె చవకగా దొరికే చోటికీ పాఠకుడికీ మధ్య ఒక ఇరుకు సముద్రం ఉందన్నది కూడా ధరలోనే లెక్కించాలి.

బయటికి పోవడానికి కూడా సుంకం

పెద్ద క్లౌడ్ సంస్థల వాదన పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. వాటి ధరలో ఖండాల మధ్య సొంత ఫైబర్, దాడుల నుంచి రక్షణ, ఒక కేంద్రం కూలితే మరో కేంద్రం అందుకునే ఏర్పాటు కలిసి ఉంటాయి. హెట్జ్‌నర్ యూరోలో అవన్నీ ఉండవు. అయితే లోపలికి వచ్చే డేటాకు సున్నా, బయటికి వెళ్లేదానికి జీబీకి తొమ్మిది సెంట్లు అన్న పద్ధతి ఖర్చును మాత్రమే ప్రతిబింబించదు. చేరడం తేలిక, వీడటం భారం అయ్యేలా చేస్తుంది. 2021లో క్లౌడ్‌ఫ్లేర్ ఈ ధరల మీద బహిరంగంగానే దాడికి దిగింది. మరుసటి ఏడాది బయటికి వెళ్లే డేటాకు రుసుము లేని స్టోరేజీ సేవను అందుబాటులోకి తెచ్చింది.

నియంత్రణ సంస్థలు కూడా కదిలాయి. 2024 జనవరి 11న అమల్లోకి వచ్చిన యూరప్ డేటా చట్టం, 2025 సెప్టెంబరు 12 నుంచి వర్తిస్తోంది. 2027 జనవరి 12 నుంచి వినియోగదారు ఒక క్లౌడ్ నుంచి మరోదానికి మారేటప్పుడు రుసుము వసూలు చేయడాన్ని అది నిషేధిస్తుంది. చట్టం ఇలా తలుపు తడుతున్న వేళ, 2024 తొలి నెలల్లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ వరుసగా, తమను పూర్తిగా వీడిపోయేవారికి ఆ రుసుము మాఫీ చేశాయి. ఉండిపోయేవారి నెలవారీ మోత ఖర్చు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మన దగ్గర ఇంటి బ్రాడ్‌బ్యాండ్ వాడేవారికి కొంత రక్షణ ఉంది. డేటా పరిమితి దగ్గరపడుతున్నప్పుడు సమాచారం ఇవ్వాలని, దాటాక వేగం 512 కేబీపీఎస్‌కు తగ్గకూడదని 2016లో ట్రాయ్ ఆదేశించింది. సర్వర్ అద్దెకు తీసుకున్న చిన్న వ్యాపారికి ఆ పాటి హామీ కూడా ఒప్పంద పత్రంలో ఉంటేనే ఉన్నట్టు. పోర్టు వేగంలో హామీ ఎంత, పంచుకునేది ఎంత, లెక్కించేది రాకనా పోకనా రెండూనా, పరిమితి దాటితే వేగం తగ్గుతుందా బిల్లు పెరుగుతుందా, ఎంత దగ్గర ఆపమని వినియోగదారు ముందే చెప్పొచ్చా అన్న నాలుగు ముక్కలను ధరల పట్టికలోనే ఉంచాలని హోస్టింగ్ సంస్థలకు చెప్పడానికి కొత్త చట్టం అక్కర్లేదు. వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చినా చాలు.

రాష్ట్ర ప్రభుత్వాలు కొనుగోలుదారుల హోదాలో ఇంతకంటే ముందే మొదలుపెట్టవచ్చు. ఇంటర్, ఈఏపీసెట్ తరహా ఫలితాల సైట్లు, భూరికార్డుల పోర్టళ్లు, రైతుల నమోదు సైట్లు ఒక్కొక్కటి ఒక్కో రద్దీ తీరుతో నడుస్తాయి. టెండరులో ‘నెలకు ఇన్ని టీబీ’ అని ఒకే వాక్యం రాసే బదులు గత ఏడాది ఐదు నిమిషాల రీడింగులను జత చేసి, మూడు పద్ధతుల్లోనూ ధర కోట్ చేయమని అడిగితే ఏది లాభమో కాగితం మీదే తేలుతుంది. విశాఖ ద్వారం విషయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేతిలో ఇంకా బేరమాడే శక్తి ఉంది. భూమి, నీరు, కరెంటు రాయితీలకు బదులుగా ల్యాండింగ్ స్టేషన్‌లో అందరికీ ఒకే రేటున ప్రవేశం, పక్కనే ఏ ఒక్క టెలికాం సంస్థ పెత్తనం లేని ఎక్స్ఛేంజీ, హైదరాబాద్‌కు కనీసం రెండు వేర్వేరు ఫైబర్ మార్గాలు కోరాలి. కేబుల్ ఒడ్డుకు చేరి, ఒప్పందాలు ఖరారయ్యాక అవే షరతులు అడిగితే వినేవారు తక్కువ.